బ్యాకులాలో స్టోరేజ్ డివైస్‌లు సెట్ చేయడం: ముందు డిస్కు, ఆ తర్వాత టేపు

బ్యాకులా అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడం అరగంట పని. దానిచేత డిస్కు మీదా టేపు మీదా నమ్మకంగా రాయించడానికి మాత్రం వారం పట్టింది. ఈ వారమంతా పోయింది ఒకే ఫైల్ దగ్గర, స్టోరేజ్ డీమన్ (డిస్కుకీ టేపుకీ రాసే, వెనక నడుస్తూ ఉండే ప్రోగ్రాము) కాన్ఫిగరేషన్ దగ్గర. అందులో చేసే తప్పుల్లో సగం బ్యాకప్ నడిచేటప్పుడు కనిపించవు. రెండో మెషీన్ చేరినప్పుడో, రెండు జాబ్‌లు (ఒక్కో బ్యాకప్ పని ఒక జాబ్) ఒకేసారి నడిచినప్పుడో, బ్యాకప్ నుంచి ఫైళ్లు వెనక్కి తీయబోయినప్పుడో, అంటే రిస్టోర్‌లో, బయటపడతాయి. అందుకే ఏ సెట్టింగ్ ఎందుకు పెట్టానో కూడా కలిపి రాస్తున్నాను.

సరంజామా ఇది: డెబియన్ సర్వర్ ఒకటి, దాంట్లో రెయిడ్-6 (రెండు డిస్కులు పోయినా డేటా నిలిచే డిస్కుల అర్రే) మీద 20 టీబీ ఎక్స్‌ఎఫ్ఎస్ పార్టిషన్, ఎస్ఏఎస్ కేబుల్‌తో తగిలించిన 8 స్లాట్ల టేప్ లైబ్రరీ (రోబో చేత్తో టేపులు మార్చే పెట్టె), లైబ్రరీలో ఒకే ఒక్క ఎల్‌టీఓ-6 రకం టేప్ డ్రైవ్. రోజువారీ ఇంక్రిమెంటల్ (మారిన ఫైళ్ల బ్యాకప్) డిస్కుకి, వారానికోసారి ఫుల్ (అన్ని ఫైళ్ల బ్యాకప్) టేపుకి వెళ్లాలి.

బ్యాకులాలో పనులు పురమాయించే డైరెక్టర్, డేటా రాసే స్టోరేజ్ డీమన్, బ్యాకప్ తీసుకోవాల్సిన మెషీన్‌లో (క్లయింట్‌లో) నడిచే ఫైల్ డీమన్ అని మూడు వేర్వేరు ప్రోగ్రాములు. పోర్టులు 9101 డైరెక్టర్‌ది, 9102 ఫైల్ డీమన్‌ది, 9103 స్టోరేజ్ డీమన్‌ది. డేటా డైరెక్టర్ గుండా పోదు. డైరెక్టర్ "ఫలానా అడ్రస్‌లో స్టోరేజ్ ఉంది, అక్కడికి పంపు" అని క్లయింట్‌కి చెబుతుంది, క్లయింట్ నేరుగా 9103కి కనెక్ట్ అయి డేటా పంపుతుంది. ఈ దారి అర్థం కాకపోతే మొదటి తప్పు ఖాయం. డైరెక్టర్, స్టోరేజ్ రెండూ ఒకే సర్వర్‌లో ఉన్నాయి కదా అని డైరెక్టర్ ఫైల్‌లోని స్టోరేజ్ రిసోర్స్‌లో (రిసోర్స్ అంటే కాన్ఫిగరేషన్ ఫైల్‌లో ఒక విభాగం) అడ్రస్ దగ్గర లోకల్‌హోస్ట్ అని ఉంచేశాను. సర్వర్ తన బ్యాకప్ తాను తీసుకున్నప్పుడు చక్కగా నడిచింది. రెండో మెషీన్ చేర్చగానే జాబ్ చాలాసేపు వేచి చూసి ఫెయిలైంది. కారణం తేలికే: ఆ మెషీన్‌కి లోకల్‌హోస్ట్ అంటే తానే. తనలో లేని 9103 కోసం తనలోనే వెతుక్కుంది. అక్కడ అన్ని క్లయింట్లకీ అందే పేరో ఐపీనో ఉండాలి, ఫైర్‌వాల్‌లో 9103 క్లయింట్ల వైపు నుంచి తెరిచి ఉండాలి.

ఇక పేర్ల సంగతి. డైరెక్టర్ ఫైల్‌లో స్టోరేజ్ రిసోర్స్, స్టోరేజ్ డీమన్ ఫైల్‌లో డివైస్ రిసోర్స్. ఈ రెంటి మధ్య డివైస్ పేరు, మీడియా టైప్ అక్షరం పొల్లు పోకుండా కలవాలి. పాస్‌వర్డ్ మాత్రం స్టోరేజ్ డీమన్ ఫైల్‌లో డివైస్ కింద కాదు, అక్కడే ఉన్న డైరెక్టర్ రిసోర్స్ కింద ఉంటుంది. డివైస్ పేరు తప్పినా, మీడియా టైప్ తప్పినా వచ్చే ఎర్రర్ ఒకటే: ఈ మీడియా టైప్‌తో ఈ డివైస్ దొరకలేదు అని. పేరు సరిగానే ఉంది కదా అని తల బాదుకునే ముందు మీడియా టైప్ కూడా చూడండి.

మీడియా టైప్ అనేది మనం పెట్టుకునే పేరే. ఎల్‌టీఓ-6 అని రాసినంత మాత్రాన బ్యాకులా డ్రైవ్‌ని గుర్తుపట్టదు. కానీ రిస్టోర్ సమయంలో ఫలానా వాల్యూమ్‌ని (టేపు మీదైతే ఒక టేపు, డిస్కు మీదైతే ఒక ఫైల్) ఏ డివైస్ చదవగలదో తేల్చుకునేది ఈ పేరును బట్టే. రెండు వేర్వేరు డైరెక్టరీల్లో రాసే రెండు డిస్క్ డివైస్‌లకి ఒకే మీడియా టైప్ ఇస్తే బ్యాకప్‌లు రెండూ హాయిగా నడుస్తాయి. రిస్టోర్‌లో మాత్రం మొదటి డైరెక్టరీలో ఉన్న వాల్యూమ్ కోసం రెండో డైరెక్టరీలో వెతికి, దొరకలేదని మౌంట్ చేయమని అడుగుతూ కూర్చుంటుంది. డైరెక్టరీకో మీడియా టైప్: డిస్క్1, డిస్క్2, టేపుకి ఎల్‌టీఓ6. ఇదొక్కటి మొదటి రోజే ఖాయం చేసుకోండి. తర్వాత మార్చాలంటే కేటలాగ్‌లో (ఏ ఫైల్ ఏ వాల్యూమ్‌లో ఉందో బ్యాకులా రాసుకునే డేటాబేస్‌లో) ఉన్న ప్రతి వాల్యూమ్ రికార్డునూ సరిచేసుకోవాలి.

డిస్క్ డివైస్‌లో ఆర్కైవ్ డివైస్ దగ్గర ఇవ్వాల్సింది డైరెక్టరీ దారి, ఫైల్ పేరు కాదు. డివైస్ టైప్ ఫైల్, లేబుల్ మీడియా అవును, ర్యాండమ్ యాక్సెస్ అవును, ఆటోమేటిక్ మౌంట్ అవును, రిమూవబుల్ మీడియా కాదు, ఆల్వేస్ ఓపెన్ కాదు. ఆ డైరెక్టరీ బ్యాకులా యూజర్ పేరున ఉండాలి. రూట్‌గా డైరెక్టరీ చేసి మర్చిపోతే పర్మిషన్ లేదన్న ఎర్రర్‌తో మొదటి జాబే ఆగుతుంది. లేబుల్ మీడియా అవును అన్నంత మాత్రాన కొత్త వాల్యూమ్‌లు వాటంతట అవి పుట్టవు. డైరెక్టర్ ఫైల్‌లోని పూల్‌లో (ఒకే నియమాలున్న వాల్యూమ్‌ల గుంపులో) లేబుల్ ఫార్మాట్ కూడా రాయాలి. రెంటిలో ఏది లేకపోయినా జాబ్ ఆగి, వాల్యూమ్‌కి లేబుల్ చేయమని ఆపరేటర్‌ని అడుగుతుంది. రాత్రి రెండు గంటలకి అడుగుతుంది.

ఇక్కడే ఇంకో జాగ్రత్త. డిస్క్ అర్రే ఏదో కారణంతో మౌంట్ కాలేదనుకోండి. మౌంట్ పాయింట్ అనేది ఖాళీ డైరెక్టరీయే కాబట్టి స్టోరేజ్ డీమన్‌కి తేడా తెలియదు, వాల్యూమ్‌లను రూట్ పార్టిషన్‌లో రాసేసి సర్వర్‌ని నింపేస్తుంది. దీనికి రెండు కట్టుబాట్లు పెట్టాను. స్టోరేజ్ డీమన్‌ని లేపే సిస్టమ్‌డీ యూనిట్ ఫైల్‌లో రిక్వైర్స్ మౌంట్స్ ఫర్ అని ఆ దారి రాస్తే, మౌంట్ కాకుండా స్టోరేజ్ డీమన్ లేవదు. అది చాలదన్నట్టు, అర్రేని తీసి ఉంచినప్పుడు ఆ ఖాళీ డైరెక్టరీకి సీహెచ్‌యాటర్ ప్లస్ ఐ కమాండ్ (మార్పులకి తాళం వేసేది) కొట్టాను. మౌంట్ లేనప్పుడు అందులో ఎవరూ, రూట్‌తో సహా, ఫైల్ సృష్టించలేరు. మౌంట్ అయ్యాక దీని ప్రభావం ఉండదు.

పూల్‌లో ఒక్కో వాల్యూమ్‌కి 50 జీబీ, గరిష్ఠంగా 360 వాల్యూమ్‌లు అనుకున్నాను. 18 టీబీ అవుతుంది, 2 టీబీ ఊపిరాడటానికి ఉంటుందని లెక్క. అయితే బ్యాకులాలో ఒట్టి జీ వేరు, జీబీ వేరు. జీ అంటే 1024ని మూడుసార్లు హెచ్చవేసినది, జీబీ అంటే అచ్చంగా వంద కోట్ల బైట్లు. 50జీ అని రాశాను కాబట్టి 360 వాల్యూమ్‌లు నిండితే 19.3 టీబీ పైనే. చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ 20 టీబీ డిస్కులో మిగిలేది 0.7 టీబీ కూడా కాదు. 50జీబీ అని దిద్దాను. దిద్ది ఊరుకుంటే పాత వాల్యూమ్‌లకి అది వర్తించదు. పూల్ సెట్టింగ్‌లు వాల్యూమ్ పుట్టినప్పుడే దాని రికార్డులోకి కాపీ అవుతాయి. బీకన్సోల్‌లో (డైరెక్టర్‌కి కమాండ్‌లు ఇచ్చే ప్రోగ్రాములో) అప్‌డేట్ కమాండ్ ఇచ్చి ముందు పూల్‌ని కాన్ఫిగరేషన్ నుంచి, తర్వాత వాల్యూమ్‌లన్నిటినీ పూల్ నుంచి అప్‌డేట్ చేయాలి.

వాల్యూమ్ రిటెన్షన్ (డేటా దాచి ఉంచాల్సిన గడువు) 30 రోజులు పెడితే 31వ రోజున డిస్కులో చోటు ఖాళీ అవుతుందని చాలామంది అనుకుంటారు. అవదు. గడువు తీరిన వాల్యూమ్‌ని బ్యాకులా చెరపదు, అవసరం వచ్చినప్పుడు దాని మీదే మళ్లీ రాస్తుంది. అందుకే డిస్కు వాడకం 90 శాతం దగ్గర నిలకడగా ఉంటుంది, అది రోగం కాదు. గడువు లెక్క మొదలయ్యేది ఆ వాల్యూమ్ మీద ఆఖరిసారి రాసిన క్షణం నుంచి. చిన్న చిన్న ఇంక్రిమెంటల్‌లు ఒకే వాల్యూమ్‌లో మూడు వారాలు పోగవుతూ ఉంటే, మొదటి రోజు డేటా 30 రోజులకి కాదు, 50 రోజులకి పైగా కదలకుండా ఉంటుంది. వాల్యూమ్ యూజ్ డ్యూరేషన్ (ఒక వాల్యూమ్‌లో కొత్తగా రాయడానికి ఉండే సమయం) 23 గంటలు పెట్టాక ఒక్కో రాత్రి ఒక్కో వాల్యూమ్ మూసుకుంటోంది. 24 కాకుండా 23 ఎందుకంటే, మర్నాడు అదే వేళకి మొదలయ్యే జాబ్ నిన్నటి వాల్యూమ్‌లోకి జారకుండా.

ఒక డివైస్‌లో ఒక సమయంలో ఒక వాల్యూమే తెరిచి ఉంటుంది. డిస్కయినా బ్యాకులా దాన్ని టేప్ డ్రైవ్ లాగానే చూస్తుంది. రెండు పూల్‌ల జాబ్‌లు ఒకేసారి వస్తే ఒకటి రెండో దాని కోసం వరసలో నిలబడుతుంది. దీనికి మందు వర్చువల్ ఆటోచేంజర్. ఆటోచేంజర్ అంటే టేపులు మార్చే రోబో, ఇక్కడ అది లేకున్నా ఉన్నట్టు బ్యాకులాకి చూపిస్తాం. ఒకే డైరెక్టరీకి, ఒకే మీడియా టైప్‌తో నాలుగు డివైస్‌లు రాసి, వాటిని ఒక ఆటోచేంజర్ రిసోర్స్ కింద చేర్చాను. చేంజర్ డివైస్‌గా డెవ్ నల్, చేంజర్ కమాండ్‌గా ఖాళీ కొటేషన్లు. డైరెక్టర్ వైపు డివైస్ దగ్గర ఆటోచేంజర్ పేరు రాయాలి, ఆటోచేంజర్ అవును అనాలి. ఒక్కో డివైస్‌కి మ్యాక్సిమమ్ కాంకరెంట్ జాబ్స్ 1 అని పెడితే ఒక జాబ్ బ్లాకులు ఇంకో జాబ్ బ్లాకులతో కలగాపులగం కావు, రిస్టోర్ వేగంగా ఉంటుంది. అయితే ఇదే పేరున్న సెట్టింగ్ డైరెక్టర్ రిసోర్స్‌లో, స్టోరేజ్ రిసోర్స్‌లో, క్లయింట్‌లో, స్టోరేజ్ డీమన్ సొంత రిసోర్స్‌లో కూడా ఉంటుంది. వీటిలో ఎక్కడ తక్కువుంటే అక్కడే గొంతు నొక్కుకుంటుంది. డైరెక్టర్ ఫైల్‌లోని స్టోరేజ్ రిసోర్స్‌లో ఏమీ రాయకపోతే అది 1. నాలుగు డివైస్‌లు చేసి కూడా జాబ్‌లు ఒకదాని వెనక ఒకటే నడిచాయంటే ముందు అక్కడ చూడాలి.

ఇక టేపు. ముందు బ్యాకులాని పక్కన పెట్టి, ఆపరేటింగ్ సిస్టమ్‌కి హార్డ్‌వేర్ కనిపిస్తోందా లేదా చూసుకోవాలి. ఎల్ఎస్ఎస్‌సీఎస్ఐ కమాండ్‌ని మైనస్ జీ తో ఇస్తే డ్రైవ్ టేప్ అని, లైబ్రరీలోని రోబో మీడియమ్ఎక్స్ అని రెండు వరసలు రావాలి. డ్రైవ్‌కి ఎస్‌టీ0, ఎన్‌ఎస్‌టీ0 అని రెండు పేర్లుంటాయి. బ్యాకులాకి ఇవ్వాల్సింది ఎన్‌ఎస్‌టీ0. మొదటిది మూసిన ప్రతిసారీ టేపుని వెనక్కి చుట్టేస్తుంది. అప్పుడు తర్వాతి రాత తోక చివర కాకుండా తల మీద పడుతుంది. రోబోకి ఉండేది ఎస్‌జీ పేరు: ఎస్‌జీ3 అనో ఎస్‌జీ5 అనో. ఆ అంకెను నమ్మొద్దు. ఒక యూఎస్‌బీ డిస్కు తగిలించి రీబూట్ చేస్తే చాలు, మారిపోతుంది. డెవ్ కింద టేప్, దాని కింద బై-ఐడీ డైరెక్టరీలో సీరియల్ నంబర్‌తో ఉండే లింకులు మారవు. డ్రైవ్‌కి ఎన్‌ఎస్‌టీ తో ముగిసే లింకు, రోబోకి దాని లింకు, రెండూ అక్కడి నుంచే తీసుకున్నాను.

ఆ తర్వాత రోబోని నడిపే ఎంటీఎక్స్ కమాండ్‌తో స్టేటస్ ఇచ్చి స్లాట్లూ బార్‌కోడ్‌లూ కనిపిస్తున్నాయా అని చూసి, 1వ స్లాట్ టేపుని 0వ డ్రైవ్‌లోకి లోడ్ చేయించి, డ్రైవ్‌ని నడిపే ఎంటీ కమాండ్ ఇచ్చే స్టేటస్‌లో ఆన్‌లైన్ అన్న మాట వస్తోందా అని చూడాలి. ఇవన్నీ రూట్‌గా కాదు, బ్యాకులా యూజర్‌గా చేయండి. రూట్‌గా అన్నీ పనిచేస్తాయి, స్టోరేజ్ డీమన్ నడిచేది మాత్రం బ్యాకులా యూజర్‌గా. ఆ యూజర్ టేప్ గ్రూప్‌లో లేకపోతే డ్రైవ్ అందదు. ఎస్‌జీ డివైస్ ఏ గ్రూప్‌లో ఉందో కూడా విడిగా చూసుకోవాలి, డ్రైవ్ అందినా రోబో అందని సందర్భం ఉంటుంది. ఇంకొకటి: డెబియన్‌లో ఎంటీ పేరుతో రెండు వేర్వేరు ప్రోగ్రాములున్నాయి, ఒకటి సీపీఐఓ ప్యాకేజీతో వచ్చేది, ఒకటి ఎంటీ-ఎస్‌టీ. వాటి స్టేటస్ మాటలు ఒకేలా ఉండవు. డ్రైవ్ సిద్ధమైందా అని బ్యాకులా చేంజర్ స్క్రిప్ట్ చూసేది ఆ మాటలనే. ఎంటీ-ఎస్‌టీ పెట్టుకుంటే చిక్కు పోతుంది.

ఆ స్క్రిప్ట్ పేరు ఎంటీఎక్స్-చేంజర్. ఆటోచేంజర్ రిసోర్స్‌లోని చేంజర్ కమాండ్‌లో స్క్రిప్ట్ దారి తర్వాత శాతం గుర్తులతో ఐదు అక్షరాలు ఈ వరసలోనే ఉండాలి: చిన్న సీ, చిన్న ఓ, పెద్ద ఎస్, చిన్న ఏ, చిన్న డీ. అంటే రోబో, చేయాల్సిన పని, స్లాట్, టేప్ డివైస్, డ్రైవ్ సంఖ్య. టేపుని లోపలికి తోసిన వెంటనే డ్రైవ్ సిద్ధం కాదు. దాన్ని దారంలా ఎక్కించుకుని, సరిచూసుకోవడానికి కొంత సమయం తీసుకుంటుంది. ఈలోగా చదవబోతే ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ వచ్చి, మంచి టేపే చెడ్డదన్న పేరు తెచ్చుకుంటుంది. స్క్రిప్ట్ పక్కనుండే కాన్ఫ్ ఫైల్‌లో లోడ్ స్లీప్ 15 సెకన్లు ఇచ్చాను. అన్‌లోడ్ చేసేటప్పుడు డ్రైవ్ తనంతట తాను టేపుని వదలని రకమైతే అక్కడే ఆఫ్‌లైన్ 1 చేయాలి.

టేప్ డివైస్‌లో డిస్కుకి పెట్టినవి దాదాపు తలకిందులవుతాయి: రిమూవబుల్ మీడియా అవును, ర్యాండమ్ యాక్సెస్ కాదు, ఆల్వేస్ ఓపెన్ అవును, ఆటోచేంజర్ అవును, డ్రైవ్ ఇండెక్స్ 0. ఆల్వేస్ ఓపెన్ అవును కాబట్టి స్టోరేజ్ డీమన్ నడుస్తున్నంతసేపు డ్రైవ్ దాని చేతిలోనే ఉంటుంది. మధ్యలో మీరు ఎంటీఎక్స్‌తో వేలు పెడితే, డ్రైవ్‌లో ఏ టేపు ఉందన్న దాని లెక్కా వాస్తవమూ వేరైపోతాయి. చేతితో పని ఉంటే బీకన్సోల్‌లో అన్‌మౌంట్ ఇచ్చి, పని అయ్యాక మౌంట్ ఇవ్వాలి. ఆ రెండోది మర్చిపోతే రాత్రి జాబ్‌లన్నీ బ్లాక్డ్ అని నిలబడి ఉంటాయి, మనం మౌంట్ ఇచ్చేదాకా కదలవు. బ్యాకులా ఆ టేపుని వదిలితే చాలనుకుంటే రిలీజ్ కమాండ్ నయం, అది తర్వాతి జాబ్‌లను కట్టేయదు.

బ్యాకులాతో వచ్చే బీటేప్ అనే ప్రోగ్రాముతో డ్రైవ్‌ని పరీక్షించడం దాటేయొద్దు. స్టోరేజ్ డీమన్‌ని ఆపి, ఖాళీ టేపు పెట్టి టెస్ట్ అనాలి. టేపులో ఉన్నది చెరిగిపోతుంది, కాబట్టి నిజంగా ఖాళీదే పెట్టండి. ఇది రాస్తుంది, వెనక్కి వెళ్లి చదువుతుంది, చివరకి వెళ్లి జోడిస్తుంది, ఆటోచేంజర్ ఉంటే దాన్నీ ఆడిస్తుంది. డ్రైవ్ ఫిక్స్‌డ్ బ్లాక్ పద్ధతిలో ఉండిపోతే ఇక్కడే దొరుకుతుంది, ఎంటీ తో సెట్‌బ్లాక్ 0 ఇస్తే వేరియబుల్‌కి మారుతుంది. ఆ తర్వాత ఫిల్ అనే పరీక్ష టేపుని అంచుదాకా నింపి చదివి చూస్తుంది. 2.5 టీబీ టేపుని సెకనుకి 160 ఎంబీ చొప్పున నింపడానికే 4 గంటల 20 నిమిషాలు. టేపు చివర తగిలినప్పుడు డ్రైవర్ సరిగ్గా చెబుతోందా లేదా అన్నది ఇంకెక్కడా తెలియదు కాబట్టి ఒక రాత్రి దీనికిచ్చేయొచ్చు.

బ్లాక్ సైజు మీద నెట్లో వాదనలకి లోటు లేదు. బ్యాకులా మామూలుగా రాసేది 64,512 బైట్ల బ్లాకులు. పెంచితే ఎల్‌టీఓ వేగం పెరుగుతుంది, నిజమే. కానీ ఒకసారి సగం టేపులు రాశాక పెంచితే పాత టేపుల చదువు దగ్గర గొడవ మొదలవుతుంది. మార్చేదుంటే మొదటి టేపుకి లేబుల్ వేయకముందే మార్చాలి. నేను ముట్టుకోలేదు. గిగాబిట్ నెట్‌వర్క్‌లో వచ్చేదే సెకనుకి 110 ఎంబీ చిల్లర, డ్రైవ్‌కి అది 160 కంటే తక్కువే, ఇక బ్లాకులు పెంచి ఏం లాభం. పెంచింది మ్యాక్సిమమ్ ఫైల్ సైజ్. అది మామూలుగా 1 జీబీ. ప్రతి 1 జీబీకీ టేపు మీద ఒక ఫైల్ మార్క్ పడుతుంది, అప్పుడు డ్రైవ్ తన బఫర్‌ని ఖాళీ చేసుకుని ఆగుతుంది. నిండు టేపుకి 2,500 ఆగడాలు. 10 జీబీ చేస్తే 250. ఒక్క ఫైల్ రిస్టోర్ చేసేటప్పుడు కాస్త ఎక్కువ దూరం చదవాల్సి రావచ్చు, అది భరించొచ్చు.

స్పూలింగ్ (డేటాని ముందు డిస్కు మీద పోగుచేసి, తర్వాత ఒక్క ఊపున టేపుకి పోయడం) లేకుండా ఎల్‌టీఓకి నేరుగా రాయించడం డ్రైవ్‌ని అరగదీయడమే. లక్షల చిన్న ఫైళ్లున్న క్లయింట్ సెకనుకి 15 ఎంబీ కూడా పంపలేదు. డ్రైవ్ కొంతవరకు వేగం తగ్గించుకోగలదు, ఆ హద్దు దాటాక ఆగి, టేపుని వెనక్కి లాగి, మళ్లీ పరుగందుకుంటుంది. ఈ ముందుకీ వెనక్కీ ఆటలో వేగం ఇంకా పడిపోతుంది, టేపూ హెడ్డూ అరుగుతాయి. డివైస్‌లో స్పూల్ డైరెక్టరీని ఒక ఎస్ఎస్‌డీకి చూపించి, మ్యాక్సిమమ్ స్పూల్ సైజ్ 200 జీబీ, ఒక్కో జాబ్‌కి 80 జీబీ ఇచ్చాను. జాబ్‌లో స్పూల్ డేటా అవును అనాలి, ఇది మరిచిపోతే మిగతావన్నీ అలంకారమే. వాల్యూమ్‌లుండే అర్రే మీదే స్పూల్ పెట్టొద్దు, రాతా చదువూ ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. స్పూల్ నుంచి టేపుకి పోస్తున్నంతసేపు ఆ జాబ్ క్లయింట్ నుంచి ఏమీ తీసుకోదు. అందుకని రెండు జాబ్‌లు కలిపి నడిపితే ఒకటి పోస్తుంటే ఇంకోటి నింపుకుంటుంది. జాబ్ రిపోర్ట్‌లో డీస్పూలింగ్ వేగం రాస్తుంది, అది 160కి దగ్గర్లో ఉందో లేదో చూడండి. స్టోరేజ్ డీమన్ అర్ధంతరంగా చచ్చిపోతే స్పూల్ ఫైళ్లు అక్కడే మిగిలిపోతాయి, వాటిని చేత్తో ఊడ్చాలి. డ్రైవ్ తానే కంప్రెస్ చేస్తుంది కాబట్టి టేపుకి వెళ్లే ఫైల్‌సెట్‌లో (ఏ ఫైళ్లు తీసుకోవాలో చెప్పే జాబితాలో) జీజిప్ కంప్రెషన్ తీసేశాను, ఉంటే క్లయింట్ సీపీయూకి తప్ప ఎవరికీ పని లేదు.

బార్‌కోడ్ స్టిక్కర్లో ఆరు అక్షరాలు మనవి, చివరి రెండూ ఎల్6. ఏడు టేపులు, ఒక క్లీనింగ్ టేపు పెట్టి లేబుల్ బార్‌కోడ్స్ కమాండ్ ఇస్తే స్క్రాచ్ పూల్‌లోకి (ఇంకా ఎవరికీ కేటాయించని టేపుల గుంపులోకి) ఏడూ వరసగా చేరాయి. క్లీనింగ్ టేపు బార్‌కోడ్ సీఎల్‌ఎన్ తో మొదలైతే బ్యాకులా దాని జోలికి పోదు. డైరెక్టర్ ఫైల్‌లోని స్టోరేజ్ రిసోర్స్‌లో ఆటోచేంజర్ అవును అనడం మరిస్తే స్లాట్ నంబర్లు కేటలాగ్‌లోకి ఎక్కవు. టేపు లైబ్రరీలోనే ఉన్నా తెచ్చి పెట్టమని మనల్నే అడుగుతుంది. మ్యాగజైన్ తెరిచి టేపులు మార్చిన ప్రతిసారీ అప్‌డేట్ స్లాట్స్ ఇవ్వాలి. ఆఫ్‌సైట్‌కి తీసుకెళ్లే టేపుల్ని మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో వదిలేయడం, వేడి మీదున్న టేపుని తెచ్చి వెంటనే డ్రైవ్‌లో పెట్టడం, రెండూ వద్దు. ఏసీ గదిలో ఒక రోజు చల్లబడనివ్వండి.

స్టోరేజ్ డీమన్ ఫైల్ మార్చినప్పుడు బీకన్సోల్‌లో రీలోడ్ ఇస్తే సరిపోదు, అది డైరెక్టర్ ఫైల్‌ని మాత్రమే మళ్లీ చదువుతుంది. ముందు స్టోరేజ్ డీమన్ ప్రోగ్రాముని మైనస్ టీ తో నడిపి ఫైల్‌లో తప్పుల్లేవని చూసి, స్టేటస్ స్టోరేజ్‌లో నడిచే జాబ్‌లు లేవని చూసి, అప్పుడు రీస్టార్ట్ చేయాలి. నడుస్తున్న జాబ్ ఉంటే రీస్టార్ట్‌తో అది పోతుంది.

చివరి పరీక్ష మూడు రిస్టోర్‌లు, మూడూ వేరే డైరెక్టరీలోకి: డిస్కు నుంచి ఒక ఫైల్, ఒక టేపులో మొదలై రెండో టేపులో ముగిసిన జాబ్ నుంచి ఒక పెద్ద ఫోల్డర్, మూడోది కేటలాగ్ లేదనుకుని. ఈ మూడోదానికి డైరెక్టర్‌నీ కేటలాగ్ ఉండే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌నీ ఆపేసి, బూట్‌స్ట్రాప్ ఫైల్ (జాబ్ డేటా ఏ టేపులో ఎక్కడుందో చెప్పేది) ఇచ్చి బీఎక్స్‌ట్రాక్ట్ అనే ప్రోగ్రాముతో నేరుగా టేపు నుంచి తీయాలి. అది నడవాలంటే రెండు ఫైళ్లు చేతిలో ఉండాలి, ఒకటి జాబ్ రాసిన బూట్‌స్ట్రాప్, రెండోది స్టోరేజ్ డీమన్ కాన్ఫిగరేషన్. మొదటిసారి అవి రెండూ బ్యాకప్ సర్వర్‌లో తప్ప ఇంకెక్కడా లేవు. ఇప్పుడు జాబ్‌లోని రైట్ బూట్‌స్ట్రాప్ సెట్టింగ్ ఆ ఫైల్‌ని వేరే మెషీన్ మీదున్న షేర్‌కి రాస్తోంది, కాన్ఫిగరేషన్ ప్రింట్ ఒకటి టేపుల పెట్టెలోనే ఉంటోంది.